స్ఫటికముల పెంపకములో కంపనము

కల్వకుర్తి పరిసరములలో పొలముల నడుమ నిలిచియున్న గ్రానైటు గుండ్లను చూడనివారు ఆ ప్రాంతమున ఉండరు. సుత్తితో కొట్టి ఒక ముక్కను పగులగొట్టి ఎండకు పట్టినచో, అందు కనీసము మూడు రకముల రేణువులు కనబడును. గాజువలె మెరయునది పలుగురాయి. పాలవలెగాని లేత గులాబివలెగాని ఉండునది ఫెల్స్పారు. నల్లగా రేకులు రేకులుగా ఊడివచ్చునది నల్ల అభ్రకము. ఈ మూడును స్ఫటికములే. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భములో కరిగియున్న శిలాద్రవము మిక్కిలి నెమ్మదిగా చల్లారినపుడు ఇవి ఒకదాని ప్రక్కన ఒకటి పెరిగి, ఒకదానినొకటి అడ్డగించుకొని, చివరకు గట్టి రాయిగా బిగిసిపోయినవి.

ప్రకృతికి తొందర లేదు. మానవునికి తొందర ఉన్నది. అతనికి కావలసినది చిన్న చిన్న స్ఫటికముల గుంపు కాదు; చేతిమందమో, ఇంకను పెద్దదో అయిన ఒకే స్ఫటికము. అది కొద్దిదినములలో తయారు కావలెను. ఆ కొస నుండి ఈ కొస వరకు దాని కూర్పు ఒకే విధముగా ఉండవలెను. ట్రాన్సిస్టరు, లేజరు, ఎక్స్-కిరణములను పసిగట్టు సాధనము, విమానపు ఇంజనులోని రెక్క, ఇవన్నియు అట్టి స్ఫటికములపై ఆధారపడినవే. ఈ పనిలో శాస్త్రజ్ఞులకు ఎదురైన పెద్ద చిక్కు స్ఫటికములో లేదు, దానిని తాకియున్న ద్రవములో ఉన్నది. ఆ ద్రవమును అదుపులో పెట్టుటకు కనుగొన్న ఉపాయములలో కంపనము ఒకటి. వణుకు పనిని చెడగొట్టునని మనమందరము నమ్ముదుము. అట్టి వణుకునే పనిముట్టుగా మార్చిన చరిత్ర తెలిసికొనదగినది.

కరిగిన లోహము నుండి ఒకే స్ఫటికము

1916లో బెర్లిను నగరమున పనిచేయుచున్న పోలండు దేశీయుడు యాన్ చొక్రాల్‌స్కీ లోహములు ఎంత వేగముగా స్ఫటికమగునో కొలుచుటకు పూనుకొన్నాడు. కరిగిన తగరమునుండి సన్నని తీగవంటి స్ఫటికమును నెమ్మదిగా పైకి లాగు పద్ధతి అతనికి దొరికినది. సిరాబుడ్డికి బదులు పొరపాటున తన కలమును కరిగిన తగరములో ముంచుటవలన ఈ ఆలోచన అతనికి తట్టినదని ఒక కథ వాడుకలో ఉన్నది. ఆ పద్ధతిని వివరించు వ్యాసము 1918లో వెలువడినది. 1925లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున పెర్సీ బ్రిడ్జిమన్ మరియొక మార్గమును చూపినాడు. కరిగిన పదార్థమున్న గొట్టమును వేడి కొలిమి నుండి చల్లని చోటికి మెల్లగా దింపినచో, అడుగున ఆరంభమైన స్ఫటికము పైవరకు ఒకే క్రమములో పెరుగును. 1936లో స్టాక్‌బార్గర్ ఈ పద్ధతిని మెరుగుపరచి, లిథియం ఫ్లోరైడు స్ఫటికములను పెంచినాడు.

బెల్ పరిశోధనశాలలో టీల్, లిటిల్ అనువారు 1948 నుండి జెర్మేనియమును చొక్రాల్‌స్కీ పద్ధతిలో పెంచనారంభించినారు. ట్రాన్సిస్టరు అప్పుడే పుట్టినది. అప్పటినుండి స్ఫటికముల పెంపకము పరిశోధనశాల గోడలు దాటి పరిశ్రమగా మారినది. దానితోపాటు స్ఫటికములోని లోపములకు ధర కూడ కట్టవలసివచ్చినది.

ద్రవములోని అలజడి

అన్నము వండు కుండలో నీరు కాగుట అందరు చూచినదే. అడుగు నీరు వేడెక్కి, వ్యాకోచించి, తేలికయై పైకి లేచును. పై నీరు చల్లగా బరువుగా ఉండుటచే క్రిందికి దిగును. ఇట్టి ప్రవాహమునకు సంవహనమని పేరు. 1900 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున హెన్రీ బెనార్డ్ పలుచని ద్రవపు పొరను అడుగునుండి వేడిచేసి, అందు తేనెపట్టు గదులవంటి ఆకారములు ఏర్పడుట చూపినాడు. వేడిలోని తేడా ఒక హద్దును దాటినపుడే అట్టి ప్రవాహము ఎందుకు ఆరంభమగునో 1916లో లార్డ్ రేలీ గణితముతో నిరూపింపబూనినాడు. బెనార్డ్ చూచిన పలుచని పొరలలో ఉపరితల తన్యతకును పెద్ద పాత్ర కలదని తరువాతివారు తేల్చినారు.

మూసలో కరిగిన జెర్మేనియములోగాని, సిలికానులోగాని ఇదే జరుగును. వేడి గోడల ప్రక్కన ద్రవము లేచును. చల్లని స్ఫటికము క్రింద దిగును. ఈ ప్రవాహము ఎల్లప్పుడును ఒకే తీరుగ సాగదు. వేడి తేడా ఎక్కువైనచో అది ఊగిసలాడును. అప్పుడు స్ఫటికమును తాకు ద్రవపు ఉష్ణోగ్రత ఒక క్షణము పెరిగి, ఒక క్షణము తగ్గును. దానితో స్ఫటికము ఒకమారు వేగముగ, ఒకమారు నెమ్మదిగ పెరుగును. కొన్ని సమయములలో పెరిగినంత తిరిగి కరుగును.

ఇందులో నష్టమేమి? ఉప్పునీటిని గడ్డకట్టించినపుడు మంచులో ఉప్పు అంతగా చేరదు, మిగిలిన నీటిలోనే నిలిచిపోవును. అట్లే కరిగిన పదార్థములో కలిపిన ఇతర ధాతువు స్ఫటికములోనికి కొంతయే ప్రవేశించును. ఎంత ప్రవేశించునో అది పెరుగుదల వేగముపై ఆధారపడును. వేగము మారిన కొద్దీ ఆ ధాతువు ఎక్కువగను తక్కువగను చేరి, చెట్టు మొద్దును కోసినపుడు కనబడు వలయములవలె స్ఫటికములో చారలు ఏర్పడును. చారలున్న స్ఫటికమునుండి కోసిన బిళ్లలలో ఏ రెండును ఒకే విధముగా పనిచేయవు.

1966లో యుటెక్, ఫ్లెమింగ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు టెల్లూరియము కలిపిన ఇండియం ఆంటిమోనైడును బలమైన అయస్కాంత క్షేత్రములో పెంచి, ఈ చారలను అణచినారు. విద్యుత్తును ప్రసరింపజేయు ద్రవము అయస్కాంత క్షేత్రములో కదలుటకు మొరాయించును. కాని లవణములు, ఆక్సైడులు మొదలగు అనేక పదార్థములు కరిగినపుడు లోహములవలె విద్యుత్తును ప్రసరింపజేయవు. అక్కడ అయస్కాంతమువలన ప్రయోజనము తక్కువ. వానికి వేరొక చేయూత కావలసివచ్చినది.

ఇసుక, పుప్పొడి, గాలి

ఇక రెండవ పాయను చూతము. 1787లో జర్మనీ దేశీయుడు ఎర్న్‌స్ట్ క్లాడ్ని లోహపు పలకపై ఇసుక చల్లి, పలక అంచును వయొలిన్ కమానుతో మీటినాడు. ఇసుక పలకపై కదలిక లేని గీతలవద్దకు చేరి అందమైన ఆకృతులు చూపినది. కాని పుప్పొడివంటి మిక్కిలి తేలికయైన పొడి మాత్రము, దీనికి విరుద్ధముగ, పలక అత్యధికముగ కదలుచోటనే కుప్పపడుచుండెను. ఈ చిక్కుముడిని 1831లో మైకేల్ ఫారడే విప్పినాడు. కంపించు పలక తన పైనున్న గాలిలో చిన్న చిన్న ప్రవాహములను పుట్టించును. ఇసుకను అవి కదల్పలేవు; తేలికపొడిని మాత్రము మోసికొనిపోవును. గాలిని చాలవరకు తీసివేసిన గంటలో ప్రయోగము చేసినపుడు తేలికపొడియు ఇసుకవలెనే ప్రవర్తించుట ఫారడే చూపినాడు.

ఇందులోని ముఖ్యాంశమును గమనింపవలెను. పలక కేవలము అటునిటు ఊగినది. ఒక ఊపులో అది పోయిన దూరమును మరు ఊపులో తిరిగివచ్చినది. కాని గాలి మాత్రము ఒకే దిశలో సాగిపోవు ప్రవాహమైనది. అటునిటు ఊగు కదలిక నుండి ఒకవైపు సాగు కదలిక ఎట్లు పుట్టినది? 1884లో ప్రకటించిన వ్యాసములో లార్డ్ రేలీ దీనికి గణిత సమాధానమిచ్చినాడు. గోడకు ఆనుకొనియున్న పలుచని పొరలో ఘర్షణవలన ఊపులు పూర్తిగా చెల్లుకు చెల్లు కావు. ప్రతి ఊపులోను కొద్దిపాటి మిగులు ఉండును. ఆ మిగులులన్నియు కూడి నిలుకడయైన ప్రవాహమగును. నేటి స్ఫటిక శాస్త్రజ్ఞుడు కంపనమును వాడునపుడు ఆశించునది ఈ మిగులునే.

కంపనము ప్రవాహమును పుట్టించుటయే కాదు, స్థిరత్వమును కూడ ఇయ్యగలదు. తలక్రిందులుగ నిలిపిన లోలకము వెంటనే పడిపోవును. కాని దాని ఆధారమును తగినంత వేగముగ పైకి క్రిందికి కంపింపజేసినచో అది పడక నిటారుగ నిలుచును. 1908లో స్టీఫెన్‌సన్ దీనిని గణితముతో సూచింపగా, 1951లో రష్యా శాస్త్రజ్ఞుడు ప్యోత్ర్ కపిట్జా ప్రయోగముతోను, సులభమైన సిద్ధాంతముతోను లోకమునకు పరిచయము చేసినాడు. లోలకమును నిలుపగల కంపనము ద్రవమును కూడ నిలుపగలదా అను ప్రశ్న సహజముగనే పుట్టినది.

వాల్తేరులో కంపనము, స్ఫటికము

స్ఫటికమునకును కంపనమునకును గల చుట్టరికము తెలుగుదేశపు శాస్త్రజ్ఞులకు క్రొత్త కాదు. 1880లో క్యూరీ సోదరులు పలుగురాయివంటి స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొన్నారు. ఆ స్ఫటికమునకు విద్యుత్తు నిచ్చినచో అది కంపించును. ఇట్లు చెవికి వినబడని అతిధ్వనులను పుట్టింపవచ్చును. 1935లో సి.వి. రామన్, నాగేంద్రనాథ్ అనువారు అతిధ్వనులు సాగు ద్రవము గుండ కాంతి ఎట్లు చీలిపోవునో వివరించు సిద్ధాంతమును ప్రకటింపనారంభించినారు.

కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో రామన్ వద్ద పరిశోధన చేసిన సూరి భగవంతము గారు 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరినారు. వారును వారి శిష్యులును వాల్తేరులో అతిధ్వనులతో విరివిగ పరిశోధనలు చేసినారు. భగవంతము, భీమసేనాచార్ గారలు అతిధ్వనులను పంపి స్ఫటికముల స్థితిస్థాపకతను కొలిచినారు. వజ్రపు స్థితిస్థాపక స్థిరాంకములపై వారి వ్యాసము 1946లో వెలువడినది. తరువాత భగవంతము గారు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగను, బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగను పనిచేసినారు.

వాల్తేరు పరిశోధనలు పెరిగిన స్ఫటికమును కంపనముతో పరీక్షించుటకు సంబంధించినవి. పెరుగుచున్న స్ఫటికమును కంపనముతో తీర్చిదిద్దుట తరువాతి మెట్టు. ఆ మెట్టు వేరు దేశములలో కట్టబడినది.

కవ్వము నేర్పిన పాఠము

మన ఇండ్లలో చల్ల చిలుకుట చూచినవారికి ఒక సంగతి తెలియును. త్రాడు చుట్టిన కవ్వము ఒకేవైపు తిరుగదు. ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు తిరుగును. ఒకేవైపు తిప్పుచుండినచో కొంతసేపటికి మజ్జిగ అంతయు కవ్వముతోపాటు తిరుగనారంభించి, చిలుకుడు తగ్గిపోవును. దిశ మార్చినపుడెల్ల మజ్జిగ వెనుకబడి, పొరలు ఒకదానిపై ఒకటి జారి, బాగుగ కలియును.

స్విట్జర్లాండులోని ఐ.బి.ఎం. పరిశోధనశాలలో హాన్స్ షీల్, షుల్జ్-డుబోయిస్ అనువారు 1971లో ప్రకటించిన పద్ధతిలో ఉన్న సూత్రము ఇట్టిదే. ఇందు కవ్వము లేదు, మూసనే తిప్పుదురు. తిప్పు వేగమును మాటిమాటికి పెంచి తగ్గించుదురు. మూస వేగము మారగనే గోడ ప్రక్క ద్రవము వెంటనే మారును. నడుమ ద్రవము వెనుకబడును. ఆ తేడావలన మూసలోనికి ఏ కడ్డీని ముంచకుండగనే ద్రవము చక్కగ కలియును. 1000 డిగ్రీలకు పైబడిన వేడిలో, మూతవేసిన పాత్రలో, ఏ వస్తువును ముంచినను అది కరిగి కల్మషమగు ప్రమాదమున్నది. కావున బయటినుండి కలుపగల ఈ పద్ధతికి గొప్ప ఆదరణ లభించినది.

ఇక అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున లియు, వోల్ఫ్, ఎల్వెల్, ఫైగెల్సన్ అనువారు 1987లో ప్రకటించిన పద్ధతి రసాయన శాస్త్రపు విద్యార్థులకు సుపరిచితమైన చేతి కదలికను పోలియున్నది. శంఖుకుప్పెలోని ద్రావణమును కలుపునపుడు విద్యార్థి కుప్పెను బొంగరమువలె తిప్పడు. మెడ పట్టుకొని, కుప్పె మొత్తమును చిన్న వృత్తములో త్రిప్పును. కుప్పె ముఖము ఎల్లప్పుడు ఒకే దిక్కున ఉండును. దాని స్థానము మాత్రము వృత్తములో తిరుగును. ఒకదానికొకటి లంబముగనున్న రెండు కంపనములను, ఒకటి ముందు, ఒకటి పావు ఊపు వెనుకగా, కలిపినచో ఈ కదలిక వచ్చును. స్టాన్‌ఫర్డు వారు స్ఫటికము పెరుగు గొట్టమునకు ఇట్టి అల్ప పౌనఃపున్య కంపనమును యంత్రముతో నిచ్చినారు. ద్రవము వేగముగ కలిసినది. తరువాతి సంవత్సరములలో కాడ్మియం టెల్లూరైడు స్ఫటికముల పెంపకమునకు కూడ దీనిని వాడి చూచినారు.

రష్యాలో జారికోవ్, ఆయన సహచరులు వేరొక త్రోవ పట్టినారు. 1990లో ప్రకటించిన వారి పరిశోధనలో పాత్రకు బదులు పెరుగుచున్న స్ఫటికమునే కంపింపజేసినచో కరిగిన ద్రవములో ఎట్టి ప్రవాహములు ఏర్పడునో పరిశీలించినారు. కంపనపు తీవ్రతను మార్చుచు, సహజ సంవహనమునకు పోటీగ నిలువగల ప్రవాహమును స్ఫటికము క్రిందనే పుట్టింపవచ్చునని ఇట్టి ప్రయోగములు తెలిపినవి. కరిగిన సోడియం నైట్రేటు పారదర్శకము. దాని కరగు ఉష్ణోగ్రతయు సుమారు 307 డిగ్రీలే. కావున లోపలి ప్రవాహమును కంటితో చూచుటకు దానిని నమూనాగ వాడినారు.

కలుపుట ఒకటి, ఆపుట ఒకటి

పైన చెప్పినవన్నియు ద్రవమును కలుపు ఉపాయములు. కపిట్జా లోలకము సూచించిన రెండవ మార్గము ద్రవమును నిలుకడగ నుంచుట. 1966లో రష్యాకు చెందిన జెన్‌కోవ్‌స్కయా, సిమోనెంకో అనువారు, అడుగునుండి వేడిచేసిన ద్రవపు పొరను నిలువుగ, మిక్కిలి వేగముగ కంపింపజేసినచో సంవహనము ఆరంభమగుట ఆలస్యమగునని గణితముతో చూపినారు. ఈ శాస్త్రమును పెర్మ్ నగరమున గెర్షునీ, జుఖోవిట్‌స్కీ అనువారు పెంచి పెద్దచేసినారు.

దీని సూత్రమును ఇట్లు గ్రహింపవచ్చును. నిండుగ నీరు పోసి మూతవేసిన డబ్బాను ఊపినచో, నీరంతయు ఒకే సాంద్రత కలదైనపుడు, డబ్బాతోపాటు గట్టి ముద్దవలె కదలును. లోపల ప్రవాహమేమియు పుట్టదు. కాని ఒకవైపు వేడిగను, ఒకవైపు చల్లగను ఉన్నచో తేలిక భాగమును, బరువు భాగమును ఊపునకు ఒకే విధముగ లొంగవు. ఆ రెంటి నడుమ స్వల్పమైన అటునిటు కదలిక పుట్టును. అది తనతోపాటు వేడిని కూడ అటునిటు మోయుటచే, ఊపులు పూర్తిగ చెల్లక, నిలుకడయైన ప్రభావము మిగులును. సమాన సాంద్రత గల పొరలను కంపన దిశకు అడ్డముగ నిలుపుటకు ఆ ప్రభావము యత్నించును. పొరలు ముందే అట్లున్నచో కంపనము వానిని కాపాడును. పొరలు కంపన దిశవెంట నిలిచియున్నచో కంపనమే ప్రవాహమును రేపును. కావున ఎంత కంపనము అను ప్రశ్నతో సమానముగ ఏ దిశలో కంపనము అను ప్రశ్నయు ముఖ్యము.

ఒక లెక్క చేసి చూతము. పాత్ర సెకనుకు 100 మారులు, మిల్లీమీటరులో పదియవ వంతు కంపన పరిమితితో ఊగుచున్నదనుకొందము. దాని గరిష్ఠ వేగము 2 × 3.14 × 100 × 0.1, అనగా సెకనుకు సుమారు 63 మిల్లీమీటరులు. గరిష్ఠ త్వరణము సెకను వర్గమునకు సుమారు 39 మీటరులు, అనగా గురుత్వ త్వరణమునకు 4 రెట్లు. కంటికి కనబడీ కనబడని వణుకు ఇంత బలము కలదా అని విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. పౌనఃపున్యమును రెట్టింపు చేసినచో వేగము రెట్టింపగును. త్వరణము మాత్రము నాలుగు రెట్లగును. పెర్మ్ శాస్త్రజ్ఞుల సిద్ధాంతములో సంవహనముపై కంపన ప్రభావము కంపన వేగపు వర్గమును, ఉష్ణోగ్రతా భేదపు వర్గమును అనుసరించి పెరుగును.

బరువు లేని చోట

సంవహనమునకు మూలము గురుత్వాకర్షణ. అది లేనిచోట స్ఫటికమును పెంచినచో ఎట్లుండును? 1973లో అమెరికా కక్ష్యలో ప్రవేశపెట్టిన స్కైలాబ్ అంతరిక్ష కేంద్రములో ఈ ప్రశ్నకు జవాబు వెదకినారు. విట్, గేటోస్ అను శాస్త్రజ్ఞులు భూమిపై పెంచిన ఇండియం ఆంటిమోనైడు స్ఫటికమును అక్కడ కొంతవరకు కరిగించి మరల పెరుగనిచ్చినారు. ఒకే స్ఫటికములో భూమిపై పెరిగిన భాగమున చారలున్నవి. అంతరిక్షమున పెరిగిన భాగమున అవి లేవు. 1975లో ఈ ఫలితములు వెలువడినవి.

అయినను అంతరిక్షము పూర్తిగ ప్రశాంతమైన స్థలము కాదని త్వరలోనే తెలిసినది. వ్యోమగాములు గోడను తన్నుకొని కదలుదురు. పంపులు, పంకాలు ఆగక తిరుగును. వీనివలన కేంద్రమంతయు సన్నగ వణకుచుండును. బరువు లేనంత మాత్రమున ఆ వణుకు ద్రవమును వదలిపెట్టదు. ద్రవమునకు గాలి తగులు ఉపరితలమున్నచో, ఉపరితల తన్యతలోని తేడాలవలనను ప్రవాహము పుట్టును. భారములేని స్థితిలో కంపనమే సంవహనమును పుట్టింపగలదని గెర్షునీ, జుఖోవిట్‌స్కీ 1979లో సిద్ధాంతరీత్యా చూపినారు. అందుచే అంతరిక్ష ప్రయోగశాలలలో కంపనము ఒకచోట వదలించుకొనవలసిన పీడ, మరియొకచోట కావలసిన దిశలో వాడుకొనదగిన సాధనము.

ఈ చరిత్రలో మన తీరమునకును స్థానము కలదు. 2007 జనవరి 10వ తేదీన శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.-సి7 రాకెట్టు సుమారు 550 కిలోగ్రాముల బరువుగల ఒక పేటికను కక్ష్యలో ప్రవేశపెట్టినది. మానవులు లేని ఆ పేటికలో రెండు ప్రయోగములున్నవి. ఒకటి బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థయు, తిరువనంతపురములోని విక్రమ్ సారాభాయి అంతరిక్ష కేంద్రమును కలిసి రూపొందించినది. దానియందు చిన్న కొలిమిలో లోహమును కరిగించి, సూక్ష్మ గురుత్వ స్థితిలో స్ఫటికీకరణమును పరిశీలించుట ఉద్దేశము. రెండవది జంషెడ్‌పూరులోని జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల పాలుపంచుకొన్నది. సూక్ష్మ స్ఫటికముల తయారీకి సంబంధించినది. 12 దినములు భూమిచుట్టు తిరిగి, జనవరి 22వ తేదీన ఆ పేటిక గొడుగుల సాయముతో శ్రీహరికోటకు తూర్పున బంగాళాఖాతములో దిగినది. తీరరక్షక దళమును, నౌకాదళమును దానిని వెలికితీసినవి. కక్ష్యలో తిరిగిన వస్తువును క్షేమముగ భూమికి తెచ్చుట భారతదేశమునకు అదియే మొదటిసారి. అంతరిక్షమున పెరిగిన నమూనాను చేతబట్టి పరీక్షింపవలెనన్నచో ఈ విద్య తప్పనిసరి.

హైదరాబాదులో ఒకే స్ఫటికపు రెక్కలు

ద్రవ ప్రవాహము స్ఫటికమును ఎట్లు చెరచునో తెలిసికొనుటకు అంతరిక్షము దాక పోనక్కరలేదు. 1963లో స్థాపింపబడిన హైదరాబాదులోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల జెట్ ఇంజనుల టర్బైను రెక్కలను ఒకే స్ఫటికముగ పోతపోయు విద్యను సాధించినది. హెలికాప్టరు ఇంజను కొరకు 60 రెక్కలను హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందజేసినట్లు 2021 ఏప్రిల్‌లో ప్రకటింపబడినది.

ఈ రెక్కలు నికెలు ప్రధానమైన మిశ్రలోహముతో చేయబడును. ఎఱ్ఱగా కాగిన వాయువులలో, గొప్ప ఒత్తిడికి లోనై తిరుగుచుండును. మామూలు లోహములో రేణువుల అంచులవద్ద బలహీనత ఆరంభమగును. ఒకే స్ఫటికములో అట్టి అంచులే ఉండవు. పద్ధతికి పునాది బ్రిడ్జిమన్ చూపినదే: అచ్చును వేడి చోటునుండి చల్లని చోటికి మెల్లగ దింపుట. కాని మిశ్రలోహము గట్టిపడునపుడు చెట్టుకొమ్మలవలె పెరుగు స్ఫటిక శాఖలలో బరువైన ధాతువులు చేరును. శాఖల సందులలో మిగిలిన ద్రవము తేలికయై పైకి పొగవలె లేచుటకు యత్నించును. అట్లు లేచినచోట శాఖలు విరిగి, చిన్న చిన్న స్ఫటికముల గొలుసు ఏర్పడి, పైకి మచ్చలవలె కనబడును. ఒక్క మచ్చ పడినను ఆ రెక్కను త్రోసివేయవలెను. ఎగురుచున్న యంత్రములోని మనుష్యుల ప్రాణము ఆ రెక్కపై ఆధారపడియున్నది. ద్రవ ప్రవాహమును అదుపు చేయుట అనుమాట ఇచ్చట కేవలము పాఠ్యాంశము కాదు.

లాభములు, హద్దులు

కంపనము అన్ని రోగములకు ఒకే మందు కాదు. కరిగిన లోహముల వ్యాకోచము స్వల్పము. కావున ప్రభావము కనబడుటకు కంపన వేగము మిక్కిలి పెద్దది కావలెను. కొలిమి, గొట్టము, ఆధారములు అంత వణుకునకు ఓర్వవలెను. వాని సహజ పౌనఃపున్యము కంపన పౌనఃపున్యముతో కలిసినచో యంత్రమంతయు అదిరిపోవును. తగని కంపనమువలన పెరుగుచున్న స్ఫటికము చుట్టు అనవసరమైన క్రొత్త స్ఫటికములు పుట్టి, ఒకటి కావలసినచోట వంద వచ్చును. అందుచేతనే సిలికాను పరిశ్రమలో స్ఫటికమును, మూసను తిప్పుటయు, అయస్కాంత క్షేత్రమును ఎక్కువగ వాడుకలోనికి వచ్చినవి. కంపన పద్ధతులు ఎక్కువగ పరిశోధనశాలలలోనే ఉన్నవి. అయినను విద్యుత్తును బాగుగ ప్రసరింపజేయని లవణములకును, మూతవేసిన గొట్టములలో పెంచవలసిన పదార్థములకును వాని విలువ తగ్గలేదు.

సంవహనము కూడ ఎల్లప్పుడు శత్రువు కాదు. పరిశ్రమలలో పలుగురాయి స్ఫటికములను ఉక్కుపాత్రలలో, వేడినీటిలో, గొప్ప ఒత్తిడిక్రింద పెంచుదురు. అడుగున వేడిలో కరిగిన పదార్థమును పైనున్న కొంత చల్లని బీజస్ఫటికముల వద్దకు మోసికొనిపోవునది సంవహనమే. అది ఆగినచో స్ఫటికము పెరుగుట ఆగును. కావున ప్రవాహమును చంపుట కాదు, దానికి తగిన త్రోవ చూపుట శాస్త్రజ్ఞుని పని.

ఉన్నత పాఠశాలలో దీనిని కొంతవరకు చేసి చూపవచ్చును. వేడినీటిలో పటికను కరిగినంత కరిగించి, వడగట్టి, రెండు గాజు గ్లాసులలో సమానముగ పోయవలెను. ద్రావణము చల్లారిన తరువాత దారమునకు కట్టిన చిన్న పటిక స్ఫటికమును ఒక్కొక్కదానిలో వ్రేలాడదీయవలెను. ఒక గ్లాసును కదలిక లేనిచోట ఉంచి, రెండవదానిని దినమునకు పలుమారులు శంఖుకుప్పెను త్రిప్పినట్లు త్రిప్పవలెను. కొన్ని దినములైన పిమ్మట రెంటిలోను వ్రేలాడు స్ఫటికముల బరువును, అడుగున పడిన చిన్న స్ఫటికముల సంఖ్యను, ముఖముల నునుపును పోల్చి వ్రాసికొనవలెను. త్రిప్పు వేగమును, సమయమును మార్చి మరల చేయవలెను. ఏ కదలిక స్ఫటికమునకు ఆహారమందించినదో, ఏది దానిని చెదరగొట్టినదో ఆ పట్టికయే తెలుపును.